ఎడమచేతి రెండు వేళ్లు

"ఉన్నదా?" అని అడిగింది డాక్టర్ నుస్రత్.

"ఉన్నది మేడం," అంది స్వరూప.

నెలకోసారి ల్యాబుకు రావడం, ఎడమచెయ్యి బల్ల మీద చాపడం, ఈ ఒక్క ప్రశ్నకు ఈ ఒక్క జవాబు చెప్పి పోవడం. కొన్నేళ్లుగా ఇదే తంతు. డాక్టరమ్మ మణికట్టు మీద చిన్న మీటరు ఆనించి చూసేది, ఏదో రాసుకునేది, తల మాత్రం ఎత్తేది కాదు.

"ఎట్లున్నది? మునుపటి లెక్కనే ఉన్నదా, సన్నబడ్డదా?"

"కొంచెం మెత్తగయ్యింది. వయసు మీద పడుతలేదా మరి?"

ఎవరి వయసో ఇద్దరికీ తెలుసు. పేరు మాత్రం ఇద్దరూ అనలేదు. ఆ పేరు స్వరూప ముందు ఎవరూ అనరు. ఆరేళ్ల కింద ఆమె కాలనీ మొత్తానికీ చెప్పేసింది, "నా ముంగట ఆ పేరెత్తినోళ్లు నా గడప తొక్కద్దు" అని. ఒకరింట్లో కూరలో ఉప్పెక్కువైతే నాలుగు వీధులు చెప్పుకునే కాలనీ అది. అలాంటిది, ఈ ఒక్క మాటకు మాత్రం కట్టుబడింది. కూరగాయల బండివాడు కూడా ఆ పేరుగల మనిషి గురించి ఆమె దగ్గర నోరు జారలేదు.

స్వరూపకు వార్తలతో పనేముంది? వేళ్లు చెప్తూనే ఉన్నాయి కదా.

"మళ్ల కాల్చుకున్నవా?" డాక్టరమ్మ ఆమె చిటికెనవేలు తిప్పి చూసింది. వేలి చివర కొత్త బొబ్బ.

"రొట్టెల పెనం తగిలింది. తెల్వలేదు మేడం."

తెలియదు మరి. ఎడమచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు, ఆ రెండూ ఆమెవి కాకుండా పోయి పంతొమ్మిదేళ్లు. ఆ సంగతి చెప్పుకోకపోతే ఈ కథ ముందుకు నడవదు.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ బొగ్గు ఊళ్లో గనిని గని అనరు, బాయి అంటారు. బాయిలో దిగిన మనిషి ప్రాణాన్ని కనిపెట్టడానికి కంపెనీ దగ్గర యంత్రాలకు కొదవ లేదు. కానీ అవన్నీ గుండె ఆగాక మోగే యంత్రాలు. ఆగిపోయాక చెప్తే ఎవరికి కావాలి? అప్పుడొచ్చారు ఈ ల్యాబు వాళ్లు, చిక్కుడు గింజంత వస్తువు ఒకటి పట్టుకుని. ఒక గింజ మొగుడి మెడ ఎముక కింద, దాని జత గింజ పెళ్లాం ఎడమ మణికట్టులో. ఎంత లోతున ఉన్నా, ఎంత రాయి అడ్డమున్నా, అతని గుండె కొట్టుకోవడం ఆమె రెండు వేళ్లకు వెళ్లే నరం మీద తెలుస్తుంది. ఆలుమగలిద్దరూ రోజూ కాసేపు పక్కపక్కన పడుకుని అలవాటు చేసుకుంటే, మూడు నెలల్లో ఆ నరానికి భాష వచ్చేస్తుంది. ఇప్పుడు మెట్లెక్కుతున్నాడు, ఇప్పుడు అన్నం తింటున్నాడు, ఇప్పుడు జడుసుకున్నాడు, ఇప్పుడు గాలి పాడై మత్తు కమ్ముతోంది.

"మిషిన్ గుండెను లెక్కవెడ్తది. పెండ్లాం గుండెను గుర్తువడ్తది," అని అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన నుస్రత్ ఆడవాళ్లందరికీ చెప్పింది.

రెండు షరతులు కూడా చెప్పింది. ఒక చేతికి అలవాటైన గుండె ఇంకో చేతికి పట్టదు. రెండోది, ఆ నరం మీద ఏదో ఒకటే నడుస్తుంది. అతని గుండె నడిస్తే ఆ రెండు వేళ్లకు వేడి తెలియదు, చలి తెలియదు, నొప్పి తెలియదు.

"మనిషినే ఇచ్చి కూసున్నం, రెండు వేళ్లకేం వచ్చె!" అని ఆడవాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది స్వరూపే. అప్పటికి పెళ్లయి ఏడాది.

బిడ్డ హారిక ఇంకా పాకుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బియ్యం చెరుగుతుంటే వేళ్లలోని దెబ్బ బరువెక్కింది, నిద్రలో నడిచేవాడి అడుగులా తడబడింది. చాట అక్కడే పడేసి, పిల్లను పక్కింట్లో దింపేసి, బాయి దాకా చెప్పుల్లేకుండా పరుగెత్తింది. సైరన్ మోగింది. ఆ పూట చెడుగాలిలో సోలిపోయిన పదకొండు మందిని మోసుకొచ్చారు. ఆమె మొగుడు ఒకడు. ఆఖరున బయటపడ్డవాడు రాజలింగు. ఆ తర్వాత రాజలింగుకు దగ్గు పట్టుకుని బాయి పైనే పని ఇచ్చారు. ఇక ఊరు ఒక మాట ఖాయం చేసుకుంది, స్వరూప చెయ్యి అబద్ధమాడదని.

నిజమే, ఆడలేదు. ఆరేళ్ల కింద కూడా ఆడలేదు. సంతలో టమాటలు ఏరుతోంది ఆమె. మొగుడు దోస్తు ఇంటికి పోతున్నానని చెప్పి పోయాడు. ఉన్నట్టుండి వేళ్లలో ఆ గుండె పరుగందుకుంది. భయం కాదు, మెట్లూ కాదు. పెళ్లయిన కొత్తలో తన పక్కన కొట్టుకున్న తీరు అది, అది తెలియకపోవడానికి ఆమె పిచ్చిదా? చేతిలో ఉన్న రెండు టమాటలు బుట్టలో పెట్టేసి, ఏమీ కొనకుండా ఇంటికొచ్చింది. అవతలి ఆడమనిషి పేరు శ్రీలత అని నెల తర్వాత తెలిసింది.

గొడవ పెద్దగా కాలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, అతను తల దించుకున్నాడు, పుస్తె తాడు ఈమె తీసి వాళ్ల ముందున్న బల్ల మీద పెట్టింది. ఒక పెద్దమనిషి అన్నాడు, "ఇగ ఆ చేతిలది కూడ తీపిచ్చుకో బిడ్డా, పీడ పోతది."

"అది తీస్తే ఆయన్ను బాయిల దిగనియ్యరు. మనిషి తిండి మీద కొట్టుడు నాకు చాతగాదు," అంది స్వరూప.

ఎంత మంచి మనసో అన్నారు అందరూ. తను కూడా అలాగే అనుకుంది. పేరు ఇంట్లోంచి తీసేసింది, ఫోటోలు తీసేసింది, అతను కూర్చునే కుర్చీ ఎవరికో ఇచ్చేసింది. అంతా తెంచేసుకున్నాను అనుకుంది. చెయ్యి మాత్రం రాత్రింబవళ్లు అతని దగ్గరే ఉంది.

ఆ తర్వాతి బతుకు ఇలా నడిచింది. ఇంట్లో మిషిన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పొద్దున వేళ్లలో దెబ్బ గట్టిపడితే, ఇయ్యాల మొదటి షిఫ్టు అనుకునేది. నెమ్మదిస్తే, అన్నం తిన్నడు అనుకునేది. అతనికి జ్వరమొచ్చినట్టు తోచిన రోజు జావ కాచేది. ఎవరు తాగాలో తోచక తనే తాగేది. మిగతావన్నీ ఎక్కడో పక్కవాడలో జరుగుతున్నట్టు ఉండేవి. హారికకు నర్సింగ్ కాలేజీలో సీటొస్తే "మంచిదాయె" అంది. సొంత అన్న చచ్చిపోతే "అయ్యో పాపం" అంది. చావింట్లో కూర్చుని కూడా వేళ్ల వైపే చూసుకుంటూ ఉంటే వదిన నాలుగు మాటలు అంది, అవీ తగల్లేదు.

ఒకరోజు హారిక జడ వేసుకుంటూ మెల్లగా కదిపింది.

"అమ్మా, ఆ గింజ తీపిచ్చుకోరాదే? మూడు వేళ్లతోనే ఎన్ని రోజులు కుడ్తవ్?"

"బాయిల దిగేటోళ్లకు తోడు ఉండాలె గదా."

హారిక ఏదో అనబోయింది. నోరు తెరిచి, తల్లి మొహం చూసి, మళ్లీ మూసుకుంది. జడ సగంలోనే రబ్బరు బ్యాండు వేసుకుని కాలేజీకి పోయింది. ఆ పేరెత్తద్దని తల్లి పెట్టిన షరతు ఆ పిల్లకు గుర్తుంది మరి.

ఆ ల్యాబు నుంచి వచ్చిన మూడోనాడు, పొద్దున పూట, స్వరూప జాకెట్టు చేతికి అంచు కుడుతోంది. వేళ్లలోని దెబ్బ ఆగిపోయింది.

తగ్గలేదు, తడబడలేదు. కొట్టుకుంటున్నది కొట్టుకుంటూనే, ఆగిపోయింది.

మిషిన్ ఆపింది. మిషిన్ చప్పుడుకు తెలియలేదేమో అనుకుంది. చెయ్యి విదిలించింది. మణికట్టు నొక్కింది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఏమీ లేదు. కరెంటు పోయిన ఇంట్లో ఫ్యాను చప్పుడు లేనట్టు, అంతా నిశ్శబ్దం. ఇంతకాలం తన ఒంట్లో ఒక చప్పుడు ఉండేదని ఆగాక గానీ తెలియలేదు ఆమెకు.

ఏడుపు రాలేదు. ఫోను తీసింది. బాయి దగ్గర ఫోనెత్తే మనిషి ఇప్పుడు రాజలింగే.

"అన్నా, ఆగింది."

"ఏంది చెల్లె?"

"నాది... నా చేతిలది. ఆగింది."

అవతలి గొంతు ఏదో అడగబోయి మానుకుంది. తర్వాత ఫోను బల్ల మీద పడ్డ చప్పుడు, రాజలింగు దగ్గుతూ పరుగెత్తే చప్పుడు, ఆ వెనకే సైరన్. ఆ సైరన్ ఫోనులోంచి ఒకసారి, కిటికీలోంచి ఒకసారి వినిపించింది.

సగం కుట్టిన జాకెట్టు మడిచి పెట్టింది. తలుపుకు తాళం వేసింది. ఆటో ఎక్కింది. ఈ పనులన్నీ ఎవరో ఒకామె చేస్తుంటే తను చూస్తున్నట్టుంది. దారిలో ఆమెకు వచ్చిన ఆలోచన ఒకటే, అది కూడా ఎంత వింత ఆలోచనో! గాజులు ఎవరు పగలగొట్టుకోవాలి? శ్రీలతా, తనా? శ్రీలతే. అవును, శవం ఆ ఇంటికే పోతుంది. మరి తను ఎక్కడ నిలబడాలి? పెళ్లాం కాదు, చుట్టం కాదు, దోస్తు కాదు. పక్కింటి వాళ్లు వచ్చి నిలబడ్డట్టు గేటు బయట నిలబడాలి కాబోలు. ఏడవడానికి కూడా ఒక వరస ఉండాలి, తనకు ఏ వరసా లేదు. హారిక పోవచ్చు, తండ్రి కదా. హారికను పంపాలి.

ఆటోలో గాలి కొడుతోంది. వేళ్లకు చల్లగా ఉంటే ఆ రెండు వేళ్లను కొంగులో చుట్టుకుంది. ఎందుకు చుట్టుకుందో ఆమె గమనించలేదు.

బాయి దగ్గర గుంపు. ఇనుప లిఫ్టు దిగుతోంది, ఎక్కుతోంది. లిఫ్టు ఎదురుగా బిళ్లల బోర్డు. దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఆ బోర్డు కొక్కేనికి తగిలించి దిగుతాడు, పైకొచ్చాక తీసుకుని పోతాడు. బోర్డు మీద బిళ్ల ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని. సైరన్ మోగించిన ఆడమనిషి ఆ బోర్డు దగ్గరే నిలబడాలి. మనిషి పైకొస్తే ఆమే బిళ్ల తీసి చేతిలో పెడుతుంది. రాకపోతే ఆ బిళ్ల ఆమెతో ఇంటికి పోతుంది. చెడుగాలి రోజున స్వరూప ఇక్కడే నిలబడి, స్ట్రెచర్ మీద ఉన్న మనిషి అరచేతిలో బిళ్ల పెట్టి వేళ్లు మూసింది. నలభై ఏడో నంబరు.

ఇప్పుడు కూడా నలభై ఏడో కొక్కేనికి బిళ్ల వేలాడుతోంది.

గుంపు పక్కకు జరిగి ఆమెకు దారిచ్చింది. రాజలింగు ఆమె వైపు చూడకుండా లిఫ్టు గంట కొడుతున్నాడు. నల్లటి మొహాలతో మనుషులు పైకొస్తున్నారు, బిళ్లలు తీసుకుంటున్నారు. ఎవరికీ దెబ్బల్లేవు, ఎవరూ దగ్గడం లేదు. "ఏమాయెరా?", "ఏం కాలే, పైకి రమ్మన్నరు" అనుకుంటూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. బోర్డు ఖాళీ అవుతోంది. చివరి లిఫ్టు వచ్చేసరికి ఐదు బిళ్లలు మిగిలాయి. నలుగురు తీసుకున్నారు. నలభై ఏడు ఒక్కటే మిగిలింది.

స్వరూప చెయ్యి చాపింది, తీసుకుని ఇంటికి పోదామని. అదే బిళ్ల మీద ఇంకో చెయ్యి కూడా పడింది.

"అది నాదక్కా," అన్నాడొక పిల్లగాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. మీసాల మీద బొగ్గు. ఎప్పుడూ చూడని మొహం.

"నలభై ఏడు నీదా?"

"నాదే. నేను పనిల చేరినప్పుడు ఇచ్చిండ్రు."

స్వరూప బిళ్ల వదిలేసింది. లిఫ్టు వైపు చూసింది, అది ఖాళీగా ఉంది. అప్పుడు రాజలింగు దగ్గరికొచ్చి, టోపీ తీసి, నెత్తి గోక్కున్నాడు.

"చెల్లె, నీకు నిజంగనే తెల్వదా?"

"ఏంది?"

"సదానందం..."

అని నాలుక కరుచుకున్నాడు, బూతు మాట అన్నట్టు. ఆరేళ్లలో ఆమె చెవిన ఆ పేరు పడటం అదే మొదలు.

"సదానందం బాయిల దిగక రెండేండ్లాయె చెల్లె. ఛాతిలది తీపిచ్చుకున్నడు. ఇప్పుడు స్టోర్ల సామాన్లిచ్చే పని. ఊరందరికి తెల్సు."

"మరి నువ్వు సైరన్ ఎందుకేసినవ్?"

"నువ్వు ఆగిందంటివి. నీ చెయ్యి చెప్పినంక ఇగ సూసుడేంది?" రాజలింగు టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవలది అని అడుగుదామనుకున్న. అడిగితే నువ్వు ఆ పేరు చెప్పాల్సొస్తది గదా. అందుకని అడుగలే."

మూడు మాటల్లో తేలిపోయే సంగతి అది. ఆమె పేరు చెప్పలేదు, అతను అడగలేదు, ఒక షిఫ్టు మొత్తం పైకొచ్చేసింది. పైకొచ్చిన వాళ్లలో ఒకడు "పోనీలే, ఉత్తగనే గదా, చాయ్ తాగుదాం పా" అన్నాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అప్పుడే గేటులోంచి ఒక బైకు వచ్చింది. సదానందం, వెనక శ్రీలత. స్వరూప తన కోసం సైరన్ వేయించిందని ఎవరో ఫోను చేసినట్టున్నారు, లుంగీ మీదే వచ్చాడు. నెత్తిన జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. పదడుగుల దూరంలో ఆగిపోయాడు.

"నేను మంచిగనే ఉన్న స్వరూపా."

మనిషి బతికున్నాడు. సంతోషం కలగాలి. కోపమైనా రావాలి. ఏదో ఒకటి వస్తుందని ఆమె నిలబడి ఎదురుచూసింది కూడా. ఏమీ రాలేదు.

శ్రీలతే ముందుకొచ్చింది. కళ్లలో నీళ్లు.

"నేనే తీపిచ్చిన అక్కా. ఆయన తప్పేం లేదు. ఆయన గుండె నీ చేతిల కొట్టుకుంటాంటే, నేను ఆ మనిషి పక్కన ఎట్ల పండాలె? పై పనికి పోతే జీతం తక్కువైతదన్నరు. అయితే కానీ అన్న. నీకు చెప్పుమని డాక్టరమ్మతోని చెప్పినం. ఆమె మెల్లగ చెప్త అన్నది."

"ఆమె చెప్పలే," అంది స్వరూప.

నాలుగడుగులు వేసి సదానందం దగ్గరికి పోయింది. అతని కుడిచెయ్యి పట్టుకుని, తన ఎడమచేతి వేళ్లు మణికట్టు మీద ఆనించింది. అతను బిగుసుకుపోయాడు గానీ చెయ్యి లాక్కోలేదు.

కొట్టుకుంటోంది. కొంచెం వేగంగా, మామూలుగా. ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు విన్న గుండె కదా, వెంటనే గుర్తుపడతాననుకుంది. గుర్తుపట్టలేదు. బస్సులో పక్క సీటు మనిషి చెయ్యి తగిలినట్టుంది. ఎవరి నాడి పట్టుకున్నా ఇలాగే ఉంటుంది కాబోలు.

వదిలేసింది.

"పైలంగుండుండ్రి," అని ఇద్దరికీ కలిపి చెప్పి, గేటు బయటికొచ్చి, ఇంకో ఆటో ఎక్కింది.

నుస్రత్ అన్నం డబ్బా విప్పుకుంటోంది. స్వరూప మొహం చూసి మూత పెట్టేసింది. ఊళ్లో సైరన్ ఆమె కూడా విన్నది.

"కూసో స్వరూపా."

స్వరూప కూర్చుని, అలవాటు ప్రకారం ఎడమచెయ్యి బల్ల మీద చాపింది.

"ఆయనది తీసినంక నా చేతిల ఏం పెట్టిండ్రు మేడం?"

డాక్టరమ్మ అన్నం డబ్బా పక్కకు జరిపింది. తర్వాత చెప్పింది. అంతకుముందు ఒకామెకు, మొగుడి గింజ తీశామని ఉన్నపళంగా చెప్పి ఆమెదీ తీసేశారు. ఆమె చెయ్యి భుజం దాకా కట్టె అయిపోయింది. పాలు తాగే పిల్లను ఎత్తుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు, ఇప్పటికీ లేవదు. అందుకని స్వరూప విషయంలో వేరే దారి వెతికింది నుస్రత్. సదానందం చివరి నెల గుండె చప్పుడును మీటరు ద్వారానే స్వరూప చేతి గింజలో నింపి, అదే తిప్పి తిప్పి వినిపిస్తూ, నెలనెలా కొంచెం తగ్గించుకుంటూ వచ్చింది.

"పాలు మరిపిచ్చినట్టు అనుకున్న. ఒకరోజు నువ్వే వచ్చి లేదు మేడం అంటవ్, గప్పుడు చెప్దామనుకున్న."

"మొత్తం ఎప్పుడు బంజేసిండ్రు?"

"పోయిన వానకాలంల."

బయట ఎవరో తలుపు తట్టారు, డాక్టరమ్మ తర్వాత రమ్మంది.

"పోయిన వానకాలం నుంచి దాంట్ల ఏం లేదు స్వరూపా. నువ్వు నెలనెల వచ్చి ఉన్నది అంటున్నవ్. నేను మీటర్ పెట్టి చూస్తున్న, సున్నా. నీ వేళ్లకు కొత్త బొబ్బలు కనవడ్తున్నయ్. నాకే భయమైంది. చెప్తే ఆమె లెక్క అయితదేమో, చెప్పకుంటే ఏమైతదో. ఇట్లనే నెలలు గడిచిపోయినయ్."

స్వరూప ఆ మాటలు ఒక్కొక్కటే లోపల పేర్చుకుంది.

"మరి ఇన్ని దినాలు కొట్టుకున్నదెవలది?"

"నీదే."

"షిఫ్టులు మారుతుండె గదా. మొన్న ఎండలల్ల జ్వరమొచ్చింది. జావ కాసిన."

"అది కూడ నీదే. నీ చెయ్యే అన్నీ అల్లుకున్నది."

స్వరూపకు ఒక్కసారి నవ్వొచ్చినట్టయింది, నవ్వలేదు. "ఇది నా చెయ్యి మేడం. నన్నడగకుంట పాలు మరిపిస్తరా? నేను చంటిపిల్లనా?" అంది. గొంతులో కోపం లేదు, దారి అడిగినట్టే అడిగింది. ఆ అడిగిన తీరుకే నుస్రత్ కళ్లు తుడుచుకుంది.

"తప్పయింది. నీ కాళ్లు మొక్కమన్నా మొక్కుత."

"కాళ్లెందుకు. ఇయ్యాల ఎందుకాగింది, అది చెప్పుండ్రి."

"తెల్వదు. నిజంగ నాకు తెల్వదు."

"ఆయన తీపిచ్చుకున్నప్పుడు ఆగలే. మీరు బంజేసినప్పుడు ఆగలే. మిషిన్ కుట్టుకుంట కూసుంటే దానంతట అదే ఆగింది." స్వరూప చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. "నేను ఆయనే సచ్చిండనుకున్న. మేడం, ఒకసారి అడగండ్రి."

"ఏమడగాలె?"

"నెలనెల అడిగేది."

డాక్టరమ్మ ఈసారి తల ఎత్తి అడిగింది. "ఉన్నదా?"

"లేదు," అంది స్వరూప. "రాసుకోండ్రి. రాసుకుని, దీన్ని తీసెయ్యుండ్రి. రేపు మాపు అనకుండ్రి."

తీసేశారు. పెద్ద పనేం కాదు, రెండు కుట్లు. చిన్న స్టీలు గిన్నెలో వేసి చూపించింది నుస్రత్, కావాలా అని. స్వరూప తల అడ్డంగా ఊపింది. వేళ్లకు మళ్లీ స్పర్శ వస్తుందా అని అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు, ఇన్నేళ్లయింది కదా అంది.

ఇంటికొచ్చేసరికి హారిక గడపలో నిలబడి ఉంది. ఊరు ఊరంతా చెప్పే ఉంటుంది. తల్లి చేతికి కట్టు చూసి, పక్కకు జరిగి దారిచ్చింది. స్వరూప కొంగు బిగించి వంటింట్లోకి పోయింది. జొన్నపిండి తడిపింది, పెనం పెట్టింది. రొట్టె చరిచే చప్పుడు ఒక్కటే.

మొదటి రొట్టె వేసి, తిప్పడానికి అంచు పట్టుకుంది. పంతొమ్మిదేళ్ల అలవాటుతో చిటికెనవేలు పెనానికి ఆనిపోయింది.

"అమ్మా!"

చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలు చుర్రుమంటోంది. ఆ మంట వేలి చివర నుంచి మణికట్టు దాకా పాకుతుంటే స్వరూప దాన్ని చూస్తూ ఉండిపోయింది, తర్వాత పీట మీద కూలబడి ఏడ్చింది. టమాటలు బుట్టలో పెట్టేసి వచ్చిననాటి ఏడుపు, అన్న చచ్చిపోయిననాటి ఏడుపు, పొద్దున ఆటోలో రాని ఏడుపు, అన్నీ కలగలిసి వచ్చాయి. హారిక పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే అమ్మా? చూడనీ!"

"కాలిందే," అంది స్వరూప ఏడుస్తూనే. "బాగ మండుతున్నది."

హారిక నర్సింగ్ చదువుతున్న పిల్ల. ఆ మాటకు అర్థం ఆ పిల్లకు వెంటనే తెలిసింది. వేలిని చెంబులో నీళ్లలో ముంచి పట్టుకుని, తల్లి పక్కనే కింద కూర్చుంది. కాసేపటికి ఏడుపు తగ్గింది. స్వరూప కొంగుతో ముక్కు తుడుచుకుంది. చల్లటి నీళ్లు వేళ్లకు తెలుస్తున్నాయి. వేళ్లలో ఇంకేమీ లేదు. ఇకమీదట ఆ మనిషి సంగతి తెలియాలంటే, ఊళ్లో అందరూ అడిగినట్టే నోరు తెరిచి అడగాలి.

"మీ బాపు మంచిగున్నడానే?" అని అడిగింది.

హారిక తల్లి మొహంలోకి చూసింది, ఆరేళ్లలో మొదటిసారి విన్న మాట కదా.

"మంచిగనే ఉన్నడమ్మా. షుగరొచ్చింది. ఏడాదాయె."

"అట్లనా," అంది స్వరూప. పొయ్యి వైపు చూసింది. "ఆ రొట్టె మాడుతున్నది, లేచి తిప్పు."